సుకుమారి మాటలున్న ఫోన్

పక్షవాతం వచ్చిన తర్వాత సుకుమారికి కుడి చెయ్యి, కుడి కాలు మెల్లగా కొంత దారికొచ్చాయి గాని మాట మాత్రం తిరిగి రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా ఆమెకు అర్థమయ్యేది. చెప్పాలనుకున్నదీ లోపల ఉండేది. నోరు తెరిస్తే మాత్రం "అదే... అదే..." అన్న ఒక్క ముక్కే బయటికొచ్చేది. రాయబోతే అక్షరాలూ కుదిరేవి కావు. పటాన్‌చెరులో ఒక మిషన్ బడిలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పిన మనిషి ఆమె. ఆమె గొంతు ప్రహరీ గోడ దాటి వినపడేది. ఆమె తరగతి పక్కన తనకు క్లాసు వెయ్యొద్దని లెక్కల సారు హెడ్మాస్టరును బతిమాలుకునేవాడు.

భర్త సుందర్‌రాజు ముత్తంగి దగ్గర ఒక గోదాములో లారీల బరువు తూచే చోట పనిచేసేవాడు. మొదట్లో ఆయన పొద్దున లేస్తే భార్య ముందు కూర్చుని "నీళ్ళా? మందా? ఫ్యాన్ బంజెయ్యాల్నా?" అని ఒక్కొక్కటీ అడుగుతూ పోయేవాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఊపి, ఆఖరికి ఎడమ చేత్తో మంచాన్ని కొట్టి ఏడ్చేది.

వాళ్ళ పై వాటాలో వెంకట సాయి, ఇంద్రజ కాపురముండేవాళ్ళు. వెంకట సాయి తండ్రి ఎప్పుడో భీమవరం వైపు నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వెంకట సాయి తల్లి బుల్లెమ్మకు కూడా చివరి రోజుల్లో ఇలాగే మాట పోయింది. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న అతను తల్లి కోసం ఒక చిన్న యాప్ రాశాడు. తెర నిండా గడులు, గడికొక ఫొటో. ఫొటో మీద వేలు పెడితే ఆ మాట పైకి వినపడుతుంది. కొన్నాళ్ళు అది యాప్ స్టోర్‌లో అందరికీ దొరికేది. బుల్లెమ్మ పోయాక స్టోర్ వాళ్ళు కొత్త వివరాలు, కొత్త కాగితాలు అడుగుతూ మెయిళ్ళు పంపారు. అతనికి వాటిని తెరిచి చూడబుద్ధి కాలేదు. వాళ్ళు యాప్‌ను తీసేశారు.

ఒకరోజు మెట్లు దిగుతూ సుకుమారి ఏడుపు విని అతను లోపలికొచ్చాడు.

"అంకుల్, మా అమ్మకి చేసిన యాప్ నా దగ్గరుంది. ఆంటీకి పెట్టనా?"

సుందర్‌రాజు భార్య ఫోన్ తెచ్చి ఇచ్చాడు. వెంకట సాయి ఫైలును వాట్సాప్‌లో పంపి తెరిచాడు. తెర మీద ఎర్రటి హెచ్చరిక వచ్చింది. దీన్ని తయారుచేసిందెవరో తెలియదని, ఫోన్‌కు హాని జరగవచ్చని.

"గిదేందయ్యా, గిట్ల బెదిరిస్తుంది?"

"స్టోర్ నుంచి రాని దేనికైనా అంతే అంకుల్. తయారుచేసింది నేనేగా. కింద 'అయినా సరే' అని ఉంది చూడండి, అది నొక్కండి."

సుందర్‌రాజు నొక్కాడు. తర్వాత వెంకట సాయి ఏ మార్పు చేసి పంపినా ఆ ఎర్ర అక్షరాలు వచ్చేవి, ఆయన నొక్కేవాడు. రానురాను చదవడం కూడా మానేశాడు.

గడుల్లో గొంతు ఎవరిది పెట్టాలన్న మాట వచ్చినప్పుడు సుకుమారి గోడ మీద చెల్లెలి ఫొటో చూపించింది. ఎల్సీ సంగారెడ్డిలో నర్సు. అక్కాచెల్లెళ్ళ గొంతులు ఒక్కలాగే ఉండేవి. ఫోన్‌లో ఎవరు మాట్లాడుతున్నారో సుందర్‌రాజే తికమకపడేవాడు. ఆ ఎండాకాలమంతా ఎల్సీ సెలవు దొరికినప్పుడల్లా వచ్చి అక్క పక్కన కూర్చునేది. ఫొటోలు తీసేవాళ్ళు, ఏం మాట పెట్టాలో సైగలతో తేల్చుకునేవాళ్ళు, ఎల్సీ ఆ మాట పలికేది. నీళ్ళు, మందు, బాత్రూమ్ అయిపోయాక అసలు మాటలు మొదలయ్యాయి. సుందర్‌రాజు చొక్కా ఫొటోకు "గది మాసింది, విడువు" అని పెట్టారు. కూర గిన్నె మీద వేలు పెడితే "ఉప్పు ఎక్కువైంది, అయినా తింట" అనేది. వీధి చివర పాస్టరమ్మ ఫొటోకు పెట్టిన మాట విని ఎల్సీ పొట్ట పట్టుకుని నవ్వింది.

"అక్కా, గిది ఆమె వింటే మనల్ని చర్చిల అడుగు పెట్టనియ్యదు!"

సుకుమారి కూడా నవ్వింది. నవ్వుకు ఆమె నోరు అడ్డం రాలేదు.

ఆ యాప్‌లో మాటను వాట్సాప్‌లో పంపే బొత్తాం కూడా ఉండేది. సుకుమారి రోజూ చెల్లెలికి ఏదో ఒకటి పంపేది. తన గొంతే తనకు తిరిగి వచ్చినా ఎల్సీ డ్యూటీలో పక్కకు వెళ్ళి వినేది.

రెండో ఏడు క్రిస్మస్ దాటాక ఒక పొద్దున సుకుమారి ఫోన్‌కు చర్చి సంఘంలోని సృజన నంబరు నుంచి పెళ్ళి కార్డు పేరుతో ఒక ఫైలు వచ్చింది. సృజన కూతురికి సంబంధాలు చూస్తున్నారన్న సంగతి అందరికీ తెలుసు. సుకుమారి దాన్ని తెరవబోతే ఎర్ర హెచ్చరిక వచ్చింది. ఆమె ఫోన్ పట్టుకెళ్ళి, బూట్లు వేసుకుంటున్న భర్తకు చూపించింది. కంపెనీ బస్సుకు టైమైపోతోంది. ఆయన నిలబడే చూసి, అలవాటుగా "అయినా సరే" నొక్కి ఫోన్ చేతికిచ్చాడు.

"పొద్దుమీకి వచ్చినంక సూద్దాం తియ్" అని వెళ్ళిపోయాడు.

అది పెళ్ళి కార్డు కాదు. అంతకుముందే సృజన ఫోన్‌ను ఎవరో చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడు సుకుమారి ఫోన్ కూడా వాళ్ళ చేతిలోకి పోయింది. అందులోంచి అదే ఫైలు ఆమెకు తెలిసినవాళ్ళందరికీ వెళ్ళింది. చాలామంది తెరవలేదు. ఎల్సీ తెరిచింది. అక్క ఏదో కొత్తది చేసి పంపిందనుకుని, వార్డులోంచి పక్కకొచ్చి మరీ తెరిచింది. సాయంత్రానికి ఆమె ఖాతా ఖాళీ అయింది. భర్త పోయాక ఒంటరిగా కూడబెట్టి, ఇంటి మీద రెండు గదులు వేద్దామనుకున్న డబ్బు అది.

నిస్సీ మర్నాడే అమీన్‌పూర్ నుంచి వచ్చింది. ఆమె సుందర్‌రాజు దంపతులకు ఒక్కతే కూతురు. ఒక బ్యాంకులో ఆన్‌లైన్ మోసాల ఫిర్యాదులు వినే విభాగంలో పనిచేసేది. పొద్దస్తమానం ఆమె చెవిలో పడేవి ఇలాంటి ఏడుపులే. 'ఒక్కసారి నొక్కిన', 'తెలిసినవాళ్ళ నంబరే కదా అనుకున్న' అని చెప్పేవాళ్ళ గొంతులు ఇంటికొచ్చాక కూడా ఆమెను వదిలేవి కావు. ఇప్పుడా గొంతు చిన్నమ్మది. ఆ ఫైలు వెళ్ళింది తన తల్లి ఫోన్ నుంచి.

సుందర్‌రాజు ఎల్సీని తీసుకుని పోలీసు ఫిర్యాదుకు సంగారెడ్డి వెళ్ళాడు. ఇంట్లో తల్లీకూతుళ్ళే ఉన్నారు. నిస్సీ ఫోన్ తీసుకుని చూసింది. తెలియని చోటు నుంచి వచ్చే వాటికి తలుపు బార్లా తెరిచి ఉంది. దొంగ యాప్ ఒకటి, ఎవరు చేశారో తెలియని బొమ్మల యాప్ ఒకటి. తల్లి ఏదో బొమ్మల యాప్ వాడుతోందని ఆమెకు తెలుసు. మళ్ళీ ఎక్కడినుంచైనా దించుకోవచ్చని, ఫొటోలు ఎలాగూ నెట్‌లో దాచి ఉంటాయని అనుకుంది. ఆమె వాడే యాప్‌లన్నీ అలాగే ఉండేవి.

"మమ్మీ, ఫోన్ మొత్తం తుడిచేస్తున్న. లేకుంటే లోపల ఇంకేమేం దాక్కున్నయో తెల్వది."

సుకుమారి ఎడమ చేత్తో ఫోన్ గట్టిగా పట్టుకుంది. "అదే... అదే..." అంది. కళ్ళు పెద్దవయ్యాయి. "అదే! అదే!"

"అవును మమ్మీ, అదే చేస్తున్న. భయపడకు."

తల్లి వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి నిస్సీ ఫోన్ తీసుకుంది.

తుడిచాక దానికి గట్టి తాళం వేసింది. స్టోర్‌లో లేనిదేదీ ఇక ఆ ఫోన్‌లోకి రాదు. స్టోర్‌లో ఉన్నదైనా రావాలంటే నిస్సీ తన ఫోన్ నుంచి సరే అనాలి. తల్లి మాటల కోసం స్టోర్‌లోంచి ఒక పేరున్న యాప్ దించింది. దాంట్లో ఉన్ని టోపీ పెట్టుకున్న పిల్లవాడి బొమ్మ, బ్రెడ్డు ముక్క బొమ్మ, ఇంకా ఏవేవో ఉన్నాయి. గ్లాసు మీద వేలు పెడితే "దయచేసి నాకు నీరు ఇవ్వండి" అని ఒక యంత్రపు గొంతు పలికింది. సుకుమారి దాన్ని ఒకసారి విని ఫోన్‌ను దిండు పక్కన పెట్టేసింది.

సుందర్‌రాజు ఇంటికొచ్చి విషయం విని కుర్చీలో కూలబడ్డాడు.

"అన్నీ పోయినయా బిడ్డా? ఎల్సీ మాటలు?"

"ఎన్నిసార్లు చెప్పిన డాడీ, స్టోర్ల లేనిది వెయ్యొద్దని! చిన్నమ్మకు ఏం సమాధానం చెప్తవ్?"

ఆయన తన చేతివేళ్ళ వైపు చూసుకున్నాడు. నొక్కింది తన వేలే.

వెంకట సాయి అప్పుడు ఆఫీసు పని మీద పుణేలో ఉన్నాడు. ఎల్సీ రావడం మానేసింది. సుకుమారి ఇంట్లో సామానులా ఒక మూల కూర్చుంటోంది. అలాంటి ఒక మధ్యాహ్నం, భర్త డ్యూటీలో ఉండగా, బాత్రూములో కాలు జారి పడింది. నల్లా పట్టుకుని ఎలాగో తనే లేచింది. ఎవరూ చూడలేదు.

సాయంత్రం సుందర్‌రాజు వచ్చేసరికి తుంటి పట్టుకుని "అదే, అదే" అంటోంది. ఆ కాలు చలికి బిగుసుకుపోవడం మామూలే. ఆయన నూనె వెచ్చచేసి మర్దన చేశాడు. ఆమె చెయ్యి తోసేసింది. మర్నాడు పొద్దున డాక్టరు చెప్పిన నడక నడిపించబోయాడు. ఆమె గోడ పట్టుకుని కదలనంది.

"నడవకుంటే ఎట్ల సుకుమారీ? ఇగ మొత్తానికే మంచాన పడ్తవా?" అని కసిరాడు. భుజం కింద చెయ్యి వేసి గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. ఆమె నడిచినంతసేపూ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మొండితనం అనుకున్నాడాయన. మరునాడూ నడిపించాడు.

ఇంతలో వెంకట సాయి పుణే నుంచి వచ్చాడు. ఆంటీని పలకరించి, ఫోన్ తీసుకుని లోపలంతా వెతికి చూశాడు.

"లోపల ఉన్నవి ఇక రావు అంకుల్" అన్నాడు చివరికి. "అమ్మ ఫొటోలు ఇంకెవరి చేతుల్లోనూ పడకూడదని, అన్నీ ఫోన్‌లోనే ఉండేట్టు నేనే రాశాను. బయట ఎక్కడా కాపీ లేదు. తప్పు నాది కూడా. కనీసం ఖాళీ యాప్ అయినా పెడతాను. అమ్మకి చేసిన మనిషి బొమ్మ ఉంది దాంట్లో, ఎక్కడ నొప్పో చూపించొచ్చు. పడ్డాను, మండుతోంది, తిరుగుతోంది... అవన్నీ ఉన్నాయి."

ఫైలు తెరిచాడు. ఈసారి "అయినా సరే" లేదు. ఈ ఫోన్‌లో దీనికి అనుమతి లేదన్న ఒక్క వాక్యం మాత్రం ఉంది. వెంకట సాయి నిస్సీకి ఫోన్ చేశాడు.

"అన్నా, నన్ను అడగకు ప్లీజ్" అంది నిస్సీ. "తాళం తీయమంటవ్, రేపు ఇంకో పెళ్ళి కార్డు వస్తది."

"నువ్వు వేసిన తాళం తప్పని నేననట్లేదు నిస్సీ. కానీ ఆంటీ మాట్లాడ్డానికి ఉన్న దారి ఇదొక్కటే."

"స్టోర్ల పెట్టు, నేనే దించుత. వాళ్ళు చూసి సరే అంటే నాకేం భయం?"

"పెడతాను. కానీ అది రేపట్లో అయ్యే పని కాదు. కాగితాలు, పరీక్షలు... చాలా ఉంది."

"మీరు మంచోళ్ళని నాకు తెలుసన్నా. ఫోన్‌కు తెల్వదు కదా? మా డాడీకి కూడా తేడా తెల్వలే. ఆదివారం వస్త, అప్పుడు సూద్దాం. నాలుగు రోజులు ఆగితే ఏమైతది?"

సరేనని వెంకట సాయి ఫోన్ పెట్టేశాడు. ఆమె మాటలో ఒక్కటీ కొట్టిపారేసేది లేదు.

ఆదివారానికి ముందే ఇంద్రజ ఒక పొద్దున కిందికొచ్చి సుకుమారికి స్నానం చేయించబోయింది. చీర మార్చేటప్పుడు తుంటి మీద అరచేతి వెడల్పున నల్లగా కమిలి ఉండటం చూసింది.

"ఆంటీ, పడ్డారా మీరు?"

సుకుమారి తల ఊపింది. ఊపి, ఇంద్రజ భుజం మీద నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. తుంటి ఎముక పగిలింది. డాక్టరు ఫిల్మును వెలుగుకు పెట్టి, "పడిన రోజే తెచ్చుంటే చిన్న పగులు. నడిపించేసరికి ఎముక పక్కకు జరిగింది. ఎవరు నడిపించారు?" అని అడిగాడు.

"నేనే సార్" అన్నాడు సుందర్‌రాజు.

నిస్సీ ఆపరేషన్ థియేటర్ దగ్గరికి వచ్చేసరికి వెంకట సాయి అక్కడే ఉన్నాడు. అతను అడగకుండానే ఆమె తన ఫోన్ తీసి తాళం తీసేసింది.

"ఆ రోజే తీస్తే మమ్మీ చెప్పి ఉండేది కదన్నా?"

అతను నీళ్ళ సీసా అందించాడు. "కూర్చో నిస్సీ, నీళ్ళు తాగు" అన్నాడు.

సుకుమారి ఇంటికొచ్చింది గాని మంచం మీదికే. లేచి నడవడం మళ్ళీ ఎప్పటికో, అసలు ఉందో లేదో డాక్టరు గట్టిగా చెప్పలేదు. వెంకట సాయి యాప్ పెట్టి, ఈసారి అన్నిటికీ ఒక కాపీ తన దగ్గర, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉండేట్టు మార్చాడు. స్టోర్ వాళ్ళకు కాగితాలు పంపడం కూడా మొదలుపెట్టాడు. నిస్సీ తిరిగి తాళం వేసింది. ఆ తాళం పాస్‌వర్డ్‌ను మాత్రం తండ్రికి చెప్పింది, తల్లి ఎదుటే చెప్పింది.

ఖాళీ గడులు నింపాలి. నిస్సీ సెలవు పెట్టి కూర్చుంది. గ్లాసు, మందు సీసా, దుప్పటి ఫొటోలు తీసి తన గొంతుతో మాటలు పెట్టింది. సుకుమారి ఒక గడి మీద వేలు పెట్టి విని, వేలు తీసేసింది. మళ్ళీ పెట్టలేదు.

సుందర్‌రాజు సంగారెడ్డి వెళ్ళాడు. ఎల్సీ డ్యూటీ దిగి గేటు దగ్గరికొచ్చింది. బావను చూసి చున్నీ సర్దుకుంది.

"ఎల్సీ, నన్ను తిట్టు. నేనే నొక్కిన. అక్కది ఏం తప్పు లేదు."

"అక్క మీద నాకేం కోపం బావా? ఆమె పేరుతోని ఫోన్ల ఏదన్న వస్తే తెరవాలంటే భయమైతుంది. నేనేం చెయ్యాలె?" అంది. బ్యాగులోంచి ఫోన్ తీసి చూపించింది. "అక్క నాకు పంపినవన్నీ కూడ పోయినయ్ బావా. నా ఫోన్ కూడ తుడిచిన్రు కదా. ఒక్కటన్న దాచుకోకపోతిని."

తర్వాతి వారం ఎల్సీ వచ్చింది. అక్కను చూసి మంచం అంచున కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత నిస్సీ చూపించిన మాటలన్నీ వరసగా పలికింది. నీళ్ళు. మందు. నొప్పి. పక్కకు తిప్పు. లైట్ బంజెయ్. ఆసుపత్రిలో పేషెంట్ల పేర్లు పిలిచినట్టే పలికింది. మధ్యలో నిస్సీ "చిన్నమ్మా, వెనుకట కూర గిన్నెకు ఏదో పెట్టిన్రంట కదా, డాడీ నవ్వుతుండే" అంది.

ఎల్సీ ఆలోచించింది. "ఉప్పు గురించేదో. గట్లనే అంటే మళ్ళ బాగుండదు బిడ్డా. అప్పుడు అక్క సైగ చేస్తే నోటికొచ్చింది అన్న" అంది. చీకటి పడకముందే బస్సుకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు సుకుమారి ఆ గడులు వాడుతోంది. నీళ్ళు కావాలంటే నీళ్ళు అడుగుతుంది. నొప్పి ఎక్కడో చూపిస్తుంది. సుందర్‌రాజు డ్యూటీ నుంచి వచ్చి మాసిన చొక్కాతోనే ఆమె ఎదుట కాసేపు కూర్చుంటాడు. ఆమె చూస్తుంది, ఏమీ అనదు.

ఒక శనివారం నిస్సీ తండ్రికి టీ ఇస్తూ అడిగింది.

"డాడీ, పాత యాప్ల నా ఫొటో ఉండెనా?"

"ఉండె. ఒక్కటి కాదు, నీకు మూడు నాలుగు గడులుండె."

"ఏమనేది?"

సుందర్‌రాజు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఒకటైతే యాదికుంది. 'బిడ్డా, తిన్నవా? పని తర్వాత, ముందు తిను' అని. నీకు ఫోన్ కలిసినప్పుడల్లా గదే ఒత్తేది. నువ్వు 'మమ్మీ, మీటింగ్‌ల ఉన్న, మళ్ళ చేస్త' అని పెట్టేస్తుంటివి. వాట్సాప్‌ల కూడ పంపేది. సూడలేదా?"

నిస్సీ తన ఫోన్ తీసి వెతికింది. తల్లి పేరు మీద వచ్చినవన్నీ, చిన్నమ్మ డబ్బు పోయిన రోజు భయంతో, తిరిగి చూడకుండానే తుడిచేసింది తనే. అంతకుముందు వచ్చినవి ఎప్పుడైనా విన్నదా అంటే, ఒకటో రెండో విన్నట్టు అనిపించింది గాని అందులో ఏముందో గుర్తు రాలేదు.

తల్లి గదిలోకి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది. "మమ్మీ, నా ఫొటో పెట్టాల్నా?" అని అడిగింది. సుకుమారి తల ఊపింది. నిస్సీ ఫొటో తీసుకుని గడిలో పెట్టి, "దీనికి ఏం మాట పెట్టాలె? నువ్వు చెప్పు. ఎంతసేపైనా కూసుంట" అంది.

సుకుమారి కూతురి ముఖంలోకి చూసింది. ఎడమ చెయ్యి ఎత్తి గాలిలో ఏదో సైగ చేసింది. నిస్సీకి అర్థం కాలేదు. "తినమనా? రమ్మనా? ఫోన్ చెయ్యమనా?" అని ఒక్కొక్కటీ అడిగింది. సుకుమారి ప్రతిదానికీ తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి సైగ చేసింది. మళ్ళీ అర్థం కాలేదు. ఎల్సీ అయితే చెప్పేసేది.

కాసేపటికి సుకుమారి అలసిపోయి చెయ్యి దించేసింది. కూతురి జుట్టు ఒకసారి సవరించి గోడ వైపు తల తిప్పుకుని కళ్ళు మూసుకుంది. నిస్సీ ఫొటో ఉన్న గడిలో మాట లేదు. నిస్సీ అందులో తన సొంత మాటేదీ పెట్టకుండా, ఖాళీగానే సేవ్ చేసి, ఫోన్‌ను తల్లి చేతికి అందేలా దిండు పక్కన పెట్టింది.